పార అను మాటను గూర్చి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవమున ఏదైన మాటాడుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుదునని వారు తలచియుందురు. నేను పండితుడను గాను. లెక్కలు వ్రాసి పొట్టపోసికొనువాడను. గురువు లేక, ఈ గ్రంథాలయపు బీరువాల ముందు నిలబడి, తెలియనిచోట మరల మరల చదివి, కొంత నేర్చుకొన్నవాడను. నేడు నేను ఎత్తుకొన్న విషయము మీ యిండ్ల వసారాలలో గోడకు ఆనించియున్న పార. పనిముట్టును గూర్చి మీకు నేను చెప్పగలిగినది లేదు; నాకంటె మీకే బాగుగా తెలియును. నేను చెప్పబోవునది దాని పేరును గూర్చి. ఈ పేరు విషయమున నేను రెండు తప్పులు చేసితిని. ఒకటి ఈ వేదికమీదనే చేసితిని. రెండవది అంతకు చాలముందు ఒక మామిడితోటలో చేసితిని. మొదటిదానివలన ఎవరికిని నష్టము లేదు. రెండవదానివలన ఒక మనిషికి కూలి పోయినది, మాట పోయినది.

మొదటిది చెప్పెదను. మన గ్రంథాలయపు పదవ వార్షికోత్సవమున నేను పద్యములు చదివి, ఉత్సాహము పట్టలేక, మాటల పుట్టుకను గూర్చి కొంత ముచ్చటించితిని. 'పారము' అనగా సంస్కృతమున అవతలి ఒడ్డు; రైతును దారిద్ర్యమునుండి ఆవలి ఒడ్డు చేర్చునది కనుక దీనికి 'పార' అని పేరు వచ్చినదంటిని. సభ యంతయు చప్పట్లు కొట్టెను. ఇప్పటికిని నన్ను చూచి ఆ మాట గుర్తుచేయు పెద్దలు ఒకరిద్దరు ఈ సభలో నున్నారు. వారికి సవినయముగా మనవి చేయుచున్నాను: అది తప్పు. అందముగా నున్నదని చెప్పితిని గాని తెలిసి చెప్పలేదు.

సంస్కృతమున త్రవ్వు పనిముట్లకు పేర్లు లేకపోలేదు. అమరసింహుడు అమరకోశమున ద్వితీయకాండములోని వైశ్యవర్గమున వీనిని చెప్పినాడు. ఖనిత్రము, అవదారణము అనునవి త్రవ్వుటకు. దాత్రము, లవిత్రము అనునవి కోయుటకు. ఈ పేర్ల గుణ మేమనగా అవి పనిని చెప్పును. ఖన్ అనగా త్రవ్వుట, త్రవ్వునది ఖనిత్రము. లూ అనగా కోయుట, కోయునది లవిత్రము. వీనిలో 'పార' లేదు, 'పారము'నకును మట్టికిని సంబంధము లేదు. కుద్దాలము అని మఱియొక మాట కలదు. హిందీవారి 'కుదాల్', కన్నడమువారి 'గుద్దలి', మన సీమలలో కొందఱు వాడు 'గుద్దలి' దాని చుట్టములే. బౌద్ధుల జాతక కథలలో కుద్దాల జాతకమని యొకటి యున్నది. కాశీలో ఒక తోటమాలి ఆకుకూరలు, గుమ్మడి, సొర పండించుకొని బ్రతుకుచుండెను. అతని ఆస్తి యంతయు ఒక మొద్దుబారిన గుద్దలి. సన్న్యసింప బోవును, దానిని తలచుకొని తిరిగి వచ్చును, ఈవిధముగా ఆఱుమాఱులు. ఏడవమాఱు ఏటియొడ్డున నిలిచి, పడినచోటు కనబడిన మరల దిగి తెచ్చుకొందునేమోయని కన్నులు మూసికొని దానిని నీటిలోనికి విసరెనట. ఆ తోటమాలి మనసు మన తోటలలో పనిచేయువారికి ఒకరు విప్పిచెప్ప నక్కఱలేదు.

ఇక 'పార' సంగతి. దీనిని మన లాక్షణికులు దేశ్య మందురు. అనగా సంస్కృతమునుండి వచ్చినది గాదు, ఈ నేలమీద పుట్టిన మాట. దేశ్యమనగానే చదువుకొన్నవారికి కొంత చులకన. అట్టి మాటకు మూలము వెదకుట యెట్లు? నా పొరపాటంతయు ఇచ్చటనే యున్నది. మేడమీది బీరువాలో వెదకితిని గాని ప్రక్కయింటివారిని అడుగలేదు. మన ప్రక్కయిండ్లు తమిళము, కన్నడము, మలయాళము. తెలుగు దేశ్యపదమునకు చుట్టములు ఆ యిండ్లలోనే యుందురు.

ఆ చుట్టరికమును గుర్తుపట్టుటకు లెక్కవలె ఒక క్రమ మున్నది. మనము 'తల' అనుదానిని తమిళులు 'తలై' అందురు, కన్నడిగులు 'తలె' అందురు. మన 'వల' వారికి 'వలై', వీరికి 'బలె'. తిరుమలలోని 'మల' వారికి 'మలై', వీరికి 'మలె'. మలయాళమువారు మనవలెనే తల, వల, మల అందురు. ఇంకొక క్రమము చూడుడు. పదవ శతాబ్ది మొదలుకొని క్రమముగా కన్నడమున పదాదిని పకారము హకారమైనది. మన పాలు వారికి 'హాలు', పులి 'హులి', పల్లె 'హళ్ళి', పూవు 'హూవు'. ఈ రెండు సూత్రములను చేతబట్టుకొని మన 'పార'ను ఆ యిండ్లకు తీసికొనిపొండు. తమిళమున 'పారై' కావలెను, కన్నడమున 'హారె' కావలెను, మలయాళమున 'పార'యే కావలెను. నిఘంటువులు తెఱచి చూడగా తమిళమున 'పారై' యున్నది, కన్నడమున 'హారె' యున్నది, మలయాళమున 'పార' యున్నది. నాకు ఆనాడు జమాఖర్చులు కాణీతో సరిపోయినంత సంతోషము కలిగెను.

కాని అర్థము చూడగానే ఆ సంతోషము నిలువలేదు. ఆ మూడు భాషలలోను ఆ మాటకు మన పార అని యర్థము గాదు. గునపము.

మట్టిని ఎత్తిపోయు పనిముట్టునకు తమిళులు 'మణ్‌వెట్టి' అందురు, అనగా మట్టిని నఱకునది. అదియే వాడుకలో 'మమ్మట్టి' యైనది. దానిని ఇంగ్లీషువారు 'మమూటీ' యని తమ పనుల జాబితాలలో వ్రాసికొనిరి. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ అను నిఘంటువులో అది కలదు. మలయాళులు పారను 'తూంప' అందురు. 'పార' మాత్రము వారికి గునపమే. అన్నట్లు, ఒకని పనికి చాటుగా అడ్డు తగులుటను వారు 'పార పెట్టుట' అని వేళాకోళముగా అందురు. ఆ విద్య మన యూర లేదని కాదు, పేరే లేదు.

మఱి మూడిండ్లవారు ఒక యర్థమును, మనము వేఱొక యర్థమును చెప్పుచుండగా తప్పు ఎవరిది? తప్పెవరిదియు గాదు. మనమును ఒకప్పుడు ఆ యర్థముననే వాడియుందుమని నా నమ్మకము. దానికి సాక్ష్యము మన నోటనే యున్నది. గునపమునకు మనలో చాలమంది, తెలంగాణమున దాదాపు అందఱును, ఏమందురు? గడ్డపార. ఒక్కసారి ఆ మాటను మెల్లగా పలికి చూడుడు. ఆకు లేదు, పళ్లెము లేదు, మట్టి యెత్తుటకు వీలు లేదు, నిలువునా ఇనుపకడ్డి. దానిని 'పార' అని యేల యనవలెను? పార యనగా మొదట గడ్డను పెల్లగించు కడ్డియే కనుక. తరువాత వెడల్పయిన రేకును పిడికి తొడిగిన క్రొత్త పనిముట్టు దినదిన వ్యవహారములోనికి వచ్చి ఆ పేరు లాగుకొన్నది. పాతదానికి 'గడ్డ' అను మాట ముందు చేర్చి వేఱుచేసిరి. పెద్దకుమారుని పేరు చిన్నవానికి పెట్టి, పెద్దవానిని ఇంటిపేరుతో పిలిచినట్లున్నది. తమిళులు కూడ గునపమును 'కడప్పారై' అనుట మీలో మద్రాసు పోయివచ్చినవారు వినియుందురు.

ఇచ్చట ఒక చిక్కు విప్పవలెను. 'పారవేయు' అను మాట పారనుండి వచ్చినదని మా పిల్లలు వాదింతురు. కాదు. ఆ మాటను పూర్వులు బండిఱాతో 'పాఱవేయు' అని వ్రాసిరి. అది పరుగెత్తుట, ప్రవహించుట అను అర్థముగల 'పాఱు'నుండి వచ్చినది. మన పారలో నున్నది సాధురేఫము. తమిళమునను ఇట్లే. బండకు వారు 'పాఱై' అందురు, అందు బండిఱా. గునపమునకు 'పారై', అందు సాధురేఫము. బండలను పగులగొట్టునది గనుక ఆ పేరు వచ్చినదని ఎవరైన చెప్పిన నమ్మవలదు. అదియు నా 'పారము' వంటిదే. బండిఱా మన వ్రాతలోనుండి పోయినందున రెండు వేఱు కుటుంబములు ఒకే గుమ్మములో కూర్చున్నట్లు కనబడుచున్నవి.

మామిడి సీమలో నిలబడి దోటిని మఱచిన పాపము వచ్చును గనుక దానిని గూర్చి ఒక మాట. మన చిన్నరసములను, బంగినపల్లులను కొమ్మనుండి దింపు దోటిని కన్నడిగులును 'దోటి' యందురు. వారిచ్చట పోకగెలలను దింపుటకు వాడుదురు. మలయాళమున అది 'తోట్టి'. కాని అచ్చట మావటివాని చేతిలోని ఏనుగుకొంకియు తోట్టియే. తిరువళ్ళువరు తన కుఱళ్ళలో ఇంద్రియములను అదుపుచేయు దృఢత్వమును చెప్పుచు వాడిన 'తోట్టి' ఆ అంకుశమే. ఒకే మాట ఒకచోట ఏనుగును వంచుచున్నది, మన యింట కొమ్మను వంచుచున్నది. కొడవలియు నిట్టిదే. తమిళమున 'కొడువాళ్', వంకర కత్తి. మన ప్రాచీన కవులు కత్తికి వాడిన 'వాలు' ఆ చివరి రెండక్షరములలో దాగియున్నది.

ఇవి యన్నియు నేను కనుగొన్నవి గావు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లోను, కిట్టెలు దొరగారి కన్నడ నిఘంటువు 1894లోను వెలువడినవి. ద్రావిడ భాషల పదములను కుటుంబములుగా కూర్చి బరో, ఎమెనోయనువారు చేసిన నిఘంటువు 1961లో ఆక్స్‌ఫర్డులో అచ్చయినది, 1984లో పెరిగి మరల వచ్చినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున రైతుల నోటినుండి వ్యవసాయపు మాటలను జిల్లాలవారీగా ఏర్చి, 1962లో మాండలిక వృత్తిపదకోశమును వెలువరించిరి. ఆ పుస్తకము చూచిననాడు నాకు కలిగిన వింత యిది: మనము గ్రామ్యమని సభలలో పలుకుటకు సిగ్గుపడు మాటలకొఱకు పండితులు ఊరూరు తిరిగినారు.

ఇక రెండవ తప్పు. ఇది చెప్పుటకే నేను వచ్చితిని.

సుమారు ముప్పది యేండ్ల క్రిందటి మాట. అప్పటికి మన యూర గ్రంథాలయము లేదు. నేను చిన్నవాడను, లెక్కలలో తప్పుపట్టువాడు లేడను అహంకార మున్నవాడను. ఒక ఆసామి మామిడితోటలో బావి త్రవ్వించుచు, పనిముట్ల పుస్తకము వ్రాయుటకు నన్ను నియమించెను. కొట్టములో పారలు 6, గునపములు 3 ఉన్నవి. త్రవ్వువారు కొందఱు మనవారు. ఒకడు హోసూరు దిక్కునుండి వచ్చినవాడు. ఆ సీమలో తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే వీధిలో వినబడును. అతని తెలుగును మావారు నవ్వులాటగా అనుకరించెడివారు. మొదటినాడు అతడు కొట్టములోనికి పోయి వచ్చుచు నాతో "పారె ఒకటి ఎత్తుకపోతా సామీ" అనెను. నేను తల యెత్తలేదు. పారను పారె యనుచున్నాడు, పాపము పలుకరాదు అనుకొంటిని. 'పార 1' అని వ్రాసికొంటిని.

ఎఱ్ఱనేల క్రింద గరుసు, గరుసు క్రింద రాయి. పని నెలకు పైగా సాగెను. బావిలో నీరు పడినపిమ్మట పనిముట్లు ఒప్పగింప వలసినదంటిని. అతడు ఒక గునపమును తెచ్చి నాముందు పెట్టెను. నేను పుస్తకము చూపి పార యేదంటిని. "నేను ఎత్తుకపోయింది ఇదే సామీ, పారె" అనెను. లెక్కించితిని. గునపములు సరిగా 3. పారలు మాత్రము 5. ఒక పార లేదు, పుస్తకమున పార యున్నది అతని పేరుమీదనే. నేనేమి తలచితిననగా, పారను ఎవరికో అమ్ముకొని, మా కొట్టములోని గునపమునే తీసి తెచ్చి నాకు చూపుచున్నాడని. ఆ నెలలో నేను ఒక్కనాడైన కొట్టమునకు పోయి గునపములను లెక్కించియుండిన, అచ్చట రెండే యుండుట కనబడెడిది. పుస్తకమున మూడని యున్నది గనుక మూడున్నవనుకొంటిని.

ఇంకొకటి. అతని సీమలో 'ఎత్తుకపోవుట' యనగా చేతబట్టి తీసికొనిపోవుట. మన సీమలో ఎత్తుకపోవుట యనగా దొంగిలించుట. నలుగురిలో అతడు "నేను ఎత్తుకపోయింది" అన్నప్పుడు చుట్టునున్నవారు నవ్విరి. తానే ఒప్పుకొన్నాడని ఒకడనెను. పార వెల అతని కూలిలో విఱుగకోసితిమి. ఆసామి సందేహించినాడు గాని, పుస్తకమున వ్రాసియున్నదని నేనే పట్టుబట్టితిని. అతడు మిగిలిన పైకము లెక్కపెట్టుకొనలేదు. ఆ గునపమును వంగి తీసి, కొట్టములో పెట్టి, పోయెను.

మఱుసటి తొలకరిలో చెట్లకు పాదులు సరిచేయుచుండగా, ఒక పెద్దరసపు చెట్టు మొదట ఎండుటాకుల క్రింద పుట్టమన్నులో పార దొరకెను. పిడి చెదలు తినినది. ఎవడో పాదు చేసి మఱచిపోయినాడు. దొంగతనము లేదని ఆనాడు తెలిసెను. కాని అతడు గునపమును చూపి 'పారె' యని యేల యనెనో నాకు తెలియలేదు. మాటలు సరిగా రానివాడు, భయముతో ఏదో అనియుండునని సమాధానపఱచుకొంటిని.

పదునైదేండ్లు గడచినవి. గ్రంథాలయము వచ్చినది. ఒకనాటి సాయంకాలము ఆ ముందు బల్లవద్ద, నా 'పారము' ఊహకు బలము దొరకునేమోయని నిఘంటువులు ముందుపెట్టుకొని కూర్చుంటిని. 'హారె: గునపము' అని చదివితిని. 'పారై: గునపము' అని చదివితిని. తమిళులు వాడుకలో చివరి 'ఐ'ని 'ఎ'గా పలుకుదురు. పారై నోట పారెయే యగును. దీపములు పెట్టువేళ యైనది, గ్రంథపాలకుడు తలుపులు మూయవలె నన్నాడు. నేను లేవలేకపోతిని. అతడు పలుకరాక పలికినది గాదు. అతని మాట తప్పు గాదు. మన గడ్డపారలో మనము నేటికిని దాచుకొన్న పాత యర్థమున, నాలుగు భాషలలో మూడు చెప్పు అర్థమున, సరిగా చెప్పినాడు. తెలియనివాడను నేను. తెలియకపోవుట తప్పు గాదందురేమో. పారె యనగా నేమి, ఒకసారి చేతితో చూపుమని అడుగుటకు తల యెత్తకపోవుట తప్పే.

ఆసామి బ్రతికియుండగానే ఈ సంగతి చెప్పితిని. పైకము పంపుదమన్నాడు. ఎచ్చటికి పంపుట? ఆ పుస్తకము నావద్ద నున్నది. అందు పార 1 అని యున్నది, తేది యున్నది, నా పొడి యున్నది. పేరు ఉండవలసినచోట 'హోసూరు మనిషి' అని యున్నది. ఆ తరువాత ఆ దిక్కునుండి మామిడి వ్యాపారమునకు వచ్చినవారిని చాలమందిని అడిగితిని. అచ్చటను తోటలు విస్తారము, త్రవ్వువారును అనేకులు. తెలియలేదు.

ఇప్పుడు నేను వ్రాయు పనిముట్ల జాబితాలలో ప్రతి పేరు ప్రక్కన చిన్న బొమ్మ గీయుచున్నాను. చూచినవారు నవ్వుదురు. నా గీత చక్కనిది గాదు, పారకును గరిటెకును భేదము తెలియదని మా మనుమరాలు అనును.

చివరగా ఒక ప్రార్థన. వాకిట బల్లమీద ఒక నోటుపుస్తకము నుంచితిని. పెన్సిలు దారముతో కట్టియున్నది. మీ యిండ్లలో, మీ అత్తవారి యూళ్లలో, కోతలకు వలసవచ్చినవారి నోట పనిముట్లకు వినబడు పేర్లను అందు వ్రాయవలెను. వ్రాయరానివారు చెప్పిన గ్రంథపాలకుడు వ్రాసిపెట్టును. చెప్పినవారి పేరు, ఊరు తప్పక వ్రాయవలెను. మొదటి పంక్తిని నేను వ్రాసితిని. పారె, గునపము, హోసూరు దిక్కు. చెప్పినవారి పేరుకు చోటు విడిచితిని.